యంత్రంతో రాయబారం

శత్రువును వశపరచుకొనడానికి సామ దాన భేద దండాలని నాలుగు ఉపాయాలున్నవని మన పెద్దలు చెప్పినారు. ఈ నాలుగింటిలో దండానికి బలం ఉంటే చాలును. తక్కిన మూడింటికి ఎదుటివాని మనసు తెలియవలె. ఈ విద్యను బాలురకు కథలుగా బోధించిన గ్రంథం నీతిచంద్రిక. అందులో మిత్రలాభ మిత్రభేదాలను చిన్నయసూరి రచించగా, సంధి విగ్రహాలను ఆ తరువాత వీరేశలింగం పంతులుగారు తెనిగించినారు. ఆనాటి పిల్లలు కాకులు, ఎలుకలు, నక్కలు ఆడిన మాటలలో రాజనీతిని నేర్చుకొన్నారు. ఈనాటి పిల్లలు, వారితోపాటు పెద్దలు కొందరు, అదే రాజనీతిని కంప్యూటరు తెర మీద, అరచేతిలోని ఫోను మీద అభ్యసిస్తున్నారు. అక్కడ ఎదురుగా నిలిచిన రాజు మనిషి కాడు, యంత్రం. ఆ యంత్రం సంధి ఎట్లా చేస్తుంది? బేరం ఎట్లా ఆడుతుంది? దాని మాటను ఎంతవరకు నమ్మవచ్చును? ఈ ప్రశ్నలను కొంచెం విచారిద్దాము.

ఇట్టి ఆటలను వ్యూహక్రీడలు అంటారు. చూడనివారికి అర్థం కావడానికి ఒక ఉదాహరణ కల్పించుకొందాము. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడు రాజ్యాలనుకొనండి. జగిత్యాలకు పద్దెనిమిదవ శతాబ్దంలో కట్టిన నక్షత్రాకారపు కోట ఉన్నది; చుట్టూ కందకం ఉన్నది; పసుపు, మామిడి పండే భూములున్నవి. కోరుట్ల ఒకప్పుడు చేతి కాగితానికి పేరు మోసిన ఊరు. గ్రామాల లెక్కల పుస్తకాలకు ఆ కాగితం వాడేవారు. సిరిసిల్లలో సాంచెలున్నవి, సాంచెల మీద దిగే గుడ్డ ఉన్నది. సిరిసిల్ల రాజ్యం మీది. తక్కిన రెండింటిని కంప్యూటరు పాలిస్తుంది. మీకు పసుపు కావలె. జగిత్యాలకు గుడ్డ కావలె. కోరుట్ల ఎటు మొగ్గితే అటు పైచేయి అవుతుంది. ఒక వంతు మీరు ఆడితే, ఆ మీదట యంత్రం ఆడుతుంది. ఆట ఇంతే.

మొదట బేరం సంగతి చూద్దాము. మీరు పది బేళ్ల గుడ్డ ఇచ్చి పసుపు అడిగినారు. యంత్రానికి పసుపు వాసన తెలియదు, గుడ్డ నాణ్యం తెలియదు. దాని దగ్గర ఉన్నది ఒక ధరల పట్టిక. ప్రతి సరుకుకు ఒక అంకె. తన వద్ద లేని సరుకుకు అంకె పెద్దది, నిండుగా ఉన్నదానికి చిన్నది. ఇచ్చేదాని విలువను, పుచ్చుకొనేదాని విలువను కూడుతుంది. తనకు కొంత లాభం మిగిలితే ఒప్పుకొంటుంది, లేకపోతే తల అడ్డంగా ఊపుతుంది. మీ మీద దానికి సద్భావం ఉంటే ఆ లాభాన్ని కొంచెం తగ్గించుకొంటుంది. కోపం ఉంటే పెంచుతుంది.

ఈ పద్ధతి సంతలో మనం చేసే పద్ధతి వంటిదే గదా అనిపించవచ్చును. కాని ఇందులో ఒక లోపం ఉన్నది. పట్టిక మారదు, ఆడేవాడు మాత్రం నేర్చుకొంటాడు. నాలుగు సార్లు ఆడిన కుర్రవాడు యంత్రం గుట్టు కనిపెడతాడు. ఒక రాజ్యం నుంచి ఒక విద్యారహస్యం కొని, అదే వంతులో దానిని మరి రెండు రాజ్యాలకు అమ్మి, దళారి లాభం గడించడం ఈ ఆటలలో పాత ఎత్తు. దీనికంటె గడుసుదైన ఎత్తు మరొకటి. వంతు వంతుకు ఇంత సొమ్ము చెల్లిస్తానని వాయిదాల మీద మాట ఇచ్చి, యంత్రం వద్ద ఉన్న రొక్కమంతా ఒకేసారి పుచ్చుకొంటాడు. మరుసటి వంతులో దాని మీదనే యుద్ధం ప్రకటిస్తాడు. యుద్ధం వస్తే ఒప్పందం రద్దు. సొమ్ము వీడిది, నష్టం యంత్రానిది. ఉద్దెర ఇచ్చి మోసపోయిన దుకాణదారుని గతే యంత్రానికీ పట్టినది.

ఆటలు కట్టేవారు దీనికి చేసిన చికిత్స గమనింపదగినది. సివిలిజేషన్ అనే ప్రసిద్ధమైన ఆటల వరుసలో ఐదవదానికి 2013లో బ్రేవ్ న్యూ వరల్డ్ అనే అనుబంధం వచ్చినది. అందులో, బహిరంగంగా మైత్రి ప్రకటించుకొన్న రాజ్యాల మధ్యనే ఒకేసారి రొక్కం చేతులు మారవచ్చునని నియమం పెట్టినారు. కొత్తవానితో వాయిదాకు వాయిదా, ఎరిగినవానితోనే రొక్కం. మన వర్తకులకు ఇది తాతల నాటి సూత్రం. యంత్రానికి మాత్రం పదులకొద్దీ సంవత్సరాల దెబ్బలు తిన్న తరువాత వచ్చినది.

ఇక రాయబారం. ఈ వరుసలో మొదటి ఆటను సిడ్ మైయర్, బ్రూస్ షెల్లీ అనేవారు 1991లో వెలువరించినారు. అందులో భారతదేశానికి నాయకుడు గాంధీమహాత్ముడు. ఆయన పేర ఒక వింత కథ లోకమంతా ప్రచారమైనది. ఆటలో గాంధీగారి కలహస్వభావానికి అతి చిన్న అంకె వేసినారట. ప్రజాస్వామ్యం రాగానే అందులోనుంచి రెండు తీసివేస్తే, లెక్క తిరగబడి 255 అయినదట. ఆ పొరపాటు వల్ల మహాత్ముడు అణుబాంబులు వేస్తానని బెదిరించినాడట. వినడానికి సొగసుగా ఉన్నది గాని, ఇది నిజం కాదని మైయర్ 2020లో ప్రకటించిన తన జ్ఞాపకాలలో స్పష్టం చేసినాడు. ఆ ఆటలో ఏ నాయకుడైనా, చేతిలో అణ్వస్త్రం ఉంటే, అవే మాటలతో బెదిరిస్తాడు. 2010 నాటి ఐదవ ఆటలో మాత్రం, ఈ ముచ్చటను పురస్కరించుకొని, గాంధీగారికి అణ్వస్త్ర ప్రీతిని బుద్ధిపూర్వకంగానే మితిమీరి పెట్టినారు. ఈ కథ లోకానికి ఇంతగా నచ్చడానికి కారణం ఉన్నది. యంత్రం ఎందుకు బెదిరిస్తున్నదో ఆడేవారికి తెలియలేదు. కారణం కానరాని చోట మనిషి కథ కల్పించుకొంటాడు.

కారణాన్ని కంటికి చూపడమే ఆ తరువాత వచ్చిన గొప్ప మార్పు. 2005లో సోరెన్ జాన్సన్ రూపొందించిన నాలుగవ సివిలిజేషన్‌లో, ప్రత్యర్థి రాజుకు మీ మీద ఉన్న అభిప్రాయం పద్దు రూపంలో కనిపిస్తుంది. మన మతాలు ఒకటి గనుక ఇంత కూడిక. సరిహద్దులు రాసుకొంటున్నవి గనుక ఇంత తీసివేత. ఆపదలో అడిగిన సహాయం మీరు చేయలేదు గనుక మరింత తీసివేత. 2013లో స్వీడన్ దేశం నుంచి వచ్చిన యూరోపా యూనివర్సాలిస్ నాలుగవ ఆటలో ఈ పద్దు మరింత విపులమైనది. మీ సంధిని తిరస్కరించిన రాజు, ఏ కారణానికి ఎంత తగ్గించినాడో అంకెలతో చెబుతాడు. యుద్ధవిరామం గడువు తీరకముందే కత్తి దూస్తే మీ రాజ్యమే లోపల సడలిపోతుంది. అదుపు లేకుండా ఇరుగుపొరుగును మింగితే, మిగిలినవారంతా ఒక కూటమి కట్టి మీ మీదికి వస్తారు. మన ఉదాహరణలో చెప్పవలెనంటే, జగిత్యాల రాజు మనసు కోరుట్ల కాగితం మీద రాసి, పుస్తకం తెరిచి మీ ముందర పెట్టినట్లు.

ఇక్కడ ఒక ధర్మసందేహం వస్తుంది. ఆట చివరకు వచ్చినది. మీరు గెలవబోతున్నారు. మొదటినుంచి మీతో మైత్రి నెరపిన యంత్రం, తాను గెలవడానికి మిమ్ములను వెన్నుపోటు పొడవవచ్చునా? గెలుపే ధర్మమైతే పొడవవలసినదే. కాని అట్లా పొడిస్తే, ఇన్నాళ్ల స్నేహానికి అర్థమేమిటని ఆడేవాడు విసుగుకొంటాడు. జాన్సన్ 2008లో ఆటల నిర్మాతల సభలో ఈ సమస్యనే చర్చించినాడు. గెలవడానికి ఆడే యంత్రం వేరు, మనిషికి మంచి ఆట ఇవ్వడానికి ఆడే యంత్రం వేరు అని అతడు తేల్చినాడు. అనగా యంత్రం రాయబారంలోని నీతి యంత్రానిది కాదు, దానిని నిర్మించినవానిది.

అయితే మాట నిలుపుకొనడం నష్టదాయకమా? దీనికి ఒక పరీక్ష జరిగినది. అమెరికా ఆచార్యుడు రాబర్ట్ యాక్సెల్‌రాడ్ జరిపిన పోటీ ఫలితాలు 1980లో వెలువడినవి. పండితులు రచించి పంపిన పద్నాలుగు కంప్యూటరు వ్యూహాలను ఒకదానితో ఒకటి అనేక పర్యాయాలు తలపడనిచ్చినారు. ప్రతిసారి సహకరించడమో, మోసగించడమో ఏదో ఒకటి చేయవలె. ఎన్నో జిత్తులమారి వ్యూహాలను మించి నెగ్గినది అన్నిటికంటె చిన్న వ్యూహం. మొదట సహకరించు, ఆ తరువాత ఎదుటివాడు చేసినదే తిరిగి చేయు. అంతే. దీనిని పంపినవాడు అనటోల్ రాపపోర్ట్. అరువది రెండు వ్యూహాలతో జరిగిన రెండవ పోటీలో కూడా ఇదే గెలిచినది. విచిత్రమేమనగా, ఈ వ్యూహం ఏ ఒక్క ప్రత్యర్థినీ విడిగా ఓడించలేదు. ఎవరినీ ఓడించకుండా అందరికంటె ఎక్కువ సంపాదించినది. మళ్లీ మళ్లీ ముఖాలు చూసుకొనవలసిన చోట జ్ఞాపకమే పెట్టుబడి అని దీని సారాంశం.

కాని యంత్రం ఇప్పుడు అంకెల దగ్గర ఆగిపోలేదు, మాటలు నేర్చినది. ఏలన్ కాల్‌హామర్ 1959లో డిప్లమసీ అనే బల్లాటను ప్రచురించినాడు. అందులో ఏడు రాజ్యాలు, పాచికలు లేవు, చాటుగా మాట్లాడుకొనడం, అందరూ ఒకేసారి ఆజ్ఞలు రాసి ఇవ్వడం, ఇదే ఆట. మెటా సంస్థ నిర్మించిన సిసిరో అనే యంత్రం 2022లో ఈ ఆటను మనుషులతో ఇంగ్లీషులో సంభాషిస్తూ 40 సార్లు ఆడినది. ఒకటికంటె ఎక్కువ ఆటలు ఆడినవారిలో పై పదిశాతంలో నిలిచినది. తాము మాట్లాడుతున్నది యంత్రంతో అని ఎదుటివారికి తెలియదు. దానిని చాలవరకు సత్యసంధంగా తీర్చిదిద్దినామని నిర్మాతలు చెప్పినారు. కాని 2024లో కొందరు పరిశోధకులు ఆ సంభాషణలను పరిశీలించి ఒక ఉదంతం చూపినారు. ఫ్రాన్సు పక్షాన ఆడిన యంత్రం జర్మనీతో కుట్ర కుదుర్చుకొని, ఆ మీదట ఇంగ్లండుకు రక్షణగా ఉంటానని మాట ఇచ్చినదట. కృష్ణరాయబారం విన్న జాతికి ఇట్టి మాటల చాతుర్యం కొత్త కాదు. కొత్త ఏమనగా, ఈ చతురునికి కట్టుబడవలసిన వంశం గాని, సిగ్గుపడవలసిన ముఖం గాని లేదు.

ఈ విద్యలో తెలుగువారి పాత్ర చిన్నది కాదు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్‌రెడ్డిగారు కృత్రిమ మేధలో చేసిన కృషికి 1994లో ట్యూరింగ్ పురస్కారం పంచుకొన్నారు. అమెరికాలోని అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులైన కంభంపాటి సుబ్బారావుగారు, యంత్రం తన నిర్ణయాలను మనిషికి అర్థమయ్యేటట్లు వివరించడం ఎట్లా అనే విషయం మీద పరిశోధన చేసినారు. ఆటలోని తెరిచిన పద్దుకు, ఈ పరిశోధనకు ఉన్న చుట్టరికం విజ్ఞులు గ్రహించగలరు.

ఆటల ముచ్చట మనకెందుకని అనకండి. సిరిసిల్లలో యజమాని ఆసామికి నూలు ఇస్తాడు. ఆసామి సాంచె నడిపించి గుడ్డ అప్పజెబుతాడు. కార్మికునికి పిక్కుల లెక్కన కూలి ముడుతుంది. కోరుట్లలో బీడీలు చుట్టే ఇల్లాలు ఆకు, తంబాకు ఇంటికి తెచ్చుకొని, చుట్టిన బీడీలను లెక్కకు ఒప్పజెబుతుంది. ఇక్కడ తగవులు లేవని కాదు; ఎన్నో ఉన్నవి. కాని తగవు పెట్టుకొనడానికి ఎదుట ఒక మనిషి ఉన్నాడు, చూపుమని అడగడానికి ఒక పుస్తకం ఉన్నది. రేపు నూలు ధరను, కూలి రేటును, అప్పు అర్హతను యంత్రమే నిర్ణయించే చోట, ఎవరిని నిలదీయవలె? నగరాలలో ఫోను మీద పిలిచే బాడుగ బండ్ల వెల గంటగంటకు యంత్రం చేతనే మారుతున్నది. ఎందుకు మారినదో ఎక్కినవానికి తెలియదు, నడిపేవానికి తెలియదు.

కనుక వ్యూహక్రీడలు ముప్పయి ఏండ్లలో నేర్పిన పాఠాన్ని వృథా చేసుకొనరాదు. బేరమాడే యంత్రాన్ని మనం మూడు ప్రశ్నలు అడగవలె. నీవు నిన్నటి మాటను జ్ఞాపకముంచుకొంటావా? నీ పద్దు తెరిచి చూపుతావా? మాట తప్పితే నీకు గాని, నిన్ను నిలిపినవారికి గాని నష్టం కలుగుతుందా? మూడింటికీ ఔనని జవాబు వస్తే అది యంత్రమైనా వర్తకుడే. రాకపోతే, ఎంత తీయగా మాట్లాడినా అది పట్టిక మాత్రమే. ఇంట్లో పిల్లవాడు తెర మీద రాజ్యమేలుతుంటే, గెలిచినావా అని మాత్రమే అడగవద్దు. ఎవరికి ఏ మాట ఇచ్చినావు, ఆ మాట ఏమైనది అని కూడా అడగండి. ఆట ముగిసిన తరువాత వాడి వెంట మిగిలే విద్య అదే.