మన మొఖాలు మనమే తీసుకుందాం

(యువకుల శిబిరంలో మాట్లాడిన మాటలు. మాట్లాడిన తీరునే రాసుకున్నాం.)

 

నన్ను ఫొటోల గురించి చెప్పమన్నారు. నేను స్టూడియో పెట్టినోణ్ని కాదు. పెద్ద కెమెరా కూడా లేదు. రెండేళ్ల కింద కొన్న ఫోన్ ఉంది, దాని గాజు మీద ఒక గీత పడ్డది. దానితోనే మా ఊరి మనుషుల ఫొటోలు తీస్తున్నాను. ఇంకా నేర్చుకుంటున్నోడు చెప్తే, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు జర సులువుగా అర్థమైతదని ఒప్పుకున్నాను.

ముందు ఒక మాట అడుగుతా. మీ తాతదో అవ్వదో ఫొటో ఇంట్లో ఉన్నవాళ్లు చెయ్యి లేపండి. సరే, చాలామందే ఉన్నరు. ఇప్పుడు అది గుర్తింపు కార్డు మీది ఫొటో అయితే చెయ్యి దించండి. చూసిన్రా, ఎన్ని మిగిలినయో.

మా తాత పోయినప్పుడు మాదీ ఇదే కథ. దినాల నాడు పెట్టడానికి ఒక్క ఫొటో లేదు. కార్డు మీద గోరంత ఉన్న బొమ్మను పట్నంలో పెద్దగా చేయించి తెచ్చినం. దాంట్లో ఉన్నది ఎవరో భయపడ్డ మనిషి. తెల్ల గోడ ముందు కూసోబెట్టి, కదలకు, నవ్వకు అని ఎవరో గదిమితే బిగుసుకుపోయిన మొఖం. మా తాత కూసున్న చోట నలుగురు నవ్వకుండా లేచినోళ్లు లేరు. ఇప్పుడు ఇంట్లో పుట్టిన పిల్లలకు తాత అంటే ఆ భయపడ్డ మొఖమే.

ఇది మా ఇంటి కథ ఒక్కటే కాదు. కెమెరా ఈ దేశానికి వచ్చినకాడి నుంచి దాని వెనుక బయటోళ్లు ఉన్నరు, ముందు మనం ఉన్నం. 1857 తిరుగుబాటు అయినంక, తాము ఏలే జనం ఎవరెవరో గుర్తుపట్టాలని తెల్లదొరల ప్రభుత్వం ఫొటోలు పోగు చేయించింది. వాటితో 1868 నుంచి 1875 వరకు ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ అని ఎనిమిది సంపుటాలు వచ్చినయి. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్స్టన్ మనుషుల తలలు, ముక్కులు కొలిచి రాసుకున్నాడు. 1909లో రంగాచారితో కలిసి దక్షిణ భారతం కులాల మీద, తెగల మీద ఏడు సంపుటాలు వేసిండు. అట్లాంటి పుస్తకాల్లో చాలా ఫొటోల కింద మనిషి పేరుండదు, తెగ పేరు ఉంటుంది.

హైమెన్‌డార్ఫ్ సంగతి వేరు. కుమ్రం భీం అమరుడైన తరువాత, 1940లలో మన ఆదిలాబాద్‌కు వచ్చిండు, మార్లవాయిలో ఉన్నాడు, మన మాట నేర్చుకున్నాడు. ఆయన భార్య బెట్టీ సమాధి కూడా మార్లవాయిలోనే ఉంది. మేలు చేసిన మనిషి, కాదనను. కానీ ఆయన తీసిన ఫొటోలు లండన్‌లో సోయాస్ అనే విద్యాసంస్థలో భద్రంగా ఉన్నయి. మన ముత్తాతల మొఖాలు లండన్‌లో దాచి ఉన్నయి, మన దూలానికి ఒక్క ఫొటో వేలాడదు. నాకు కడుపులో కలుక్కుమనేది అక్కడే.

అందుకే ఫోన్ తీసిన. తీసినంక తెలిసింది, అది కూడా ఊరికే రాదని.

మొదట్లో నేను అందరినీ మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టి తీసేటోణ్ని. వెలుతురు ఎంత ఎక్కువుంటే అంత మంచిదనుకున్న. నెత్తి మీది ఎండకు కనుబొమ్మల నీడ కండ్లలో పడ్డది, కండ్లు రెండు గుంతల లెక్క కనబడ్డయి. పైగా ఎండకు అందరూ మొఖం చిట్లించిన్రు. పొద్దు పొడిచినంక ఒక గంట, పొద్దు గూకే ముందర ఒక గంట వెలుతురు పక్క నుంచి మెత్తగా వస్తది. తీస్తే అప్పుడు తీయాలి. ఆ టైంకు మనోళ్లు చేన్లకు పోతుంటరు, లేదా పశువులను తోలుకొస్తుంటరు, ఎవరు ఆగుతరు అంటారా? నిజమే. మధ్యాహ్నమే తీయాల్సి వస్తే నీడ చూసుకోండి. ఇంటి చూరు కింద, నీడ ఎక్కడ అయిపోతదో అక్కడికి ఒక్క అడుగు లోపల నిలబెట్టి, మొఖం వాకిలి దిక్కు తిప్పమనండి. వాకిలి వెలుతురు మొఖం మీద సమంగా పడుతది. చెట్టు కింద అయితే ఆకు చిక్కగా ఉన్న చెట్టు చూసుకోవాలి. మా చిన్నాయనను ఆకు పల్చగా ఉన్న చెట్టు కింద తీస్తే, మొఖమంతా ఎండ మచ్చలు పడి చిరుతపులి లెక్క వచ్చిండు. ఆయన ఇప్పటికీ నన్ను తిడుతడు.

ఇగ మన రంగు సంగతి. ఇది జర జాగ్రత్తగా వినండి.

ఫోన్‌కు మనిషి ఎవరో తెలియదు. కనబడ్డ దాంట్లో తెలుపును, నలుపును కలిపి, నడిమిధ్యన ఒక వెలుతురుకు తెస్తది. వెనుక తెల్లటి ఆకాశం ఉంటే, అమ్మో చాలా వెలుతురు అనుకొని మొత్తం తగ్గిస్తది, మన మొఖం బొగ్గు లెక్క అయితది. మొఖం దగ్గరగా పెట్టి ఫ్రేమంతా నింపితే, అమ్మో చాలా చీకటి అనుకొని వెలుతురు పెంచుతది, మన నిగనిగలాడే నలుపు బూడిద పూసినట్టు వస్తది. రెండూ మనం కాదు. తెర మీద మొఖాన్ని వేలితో తాకండి, పక్కకు సూర్యుడి గుర్తు వస్తది, దాన్ని పైకీ కిందికీ జరిపి మీ కంటికి కనబడ్డ రంగు వచ్చేదాకా చూడండి. వెనుక ఆకాశం లేకుండా చెట్లో, మట్టి గోడో ఉండేటట్టు మీరు రెండడుగులు పక్కకు జరిగితే సగం పని అక్కడే అయిపోతది.

ఫిల్మ్ కాలంలో ఇది ఇంకా ఘోరం. కోడాక్ కంపెనీ ల్యాబులకు రంగులు సరిచూసుకునేటందుకు ఒక కార్డు పంపేది. దాని మీద ఒక తెల్ల అమ్మాయి బొమ్మ ఉండేది, షర్లీ కార్డు అనేటోళ్లు. ఆమె చర్మం సరిగ్గా వస్తే రంగులు సరిగ్గా ఉన్నట్టు లెక్క. మన లాంటి రంగోళ్లు గుర్తుకు రాలే. తమ సరుకు రంగు సరిగా వస్తలేదని చాక్లెట్ కంపెనీలు, చెక్క సామాన్ల కంపెనీలు అడిగినంక ముదురు రంగుల మీద శ్రద్ధ పెట్టిన్రని అంటరు. మన మొఖాల కోసం కాదు, చాక్లెట్ కోసం!

ఇప్పుడు ఆ పని బ్యూటీ ఫిల్టర్ చేస్తుంది. చాలా ఫోన్లలో కొనంగనే అది ఆన్‌లో ఉంటది. సెట్టింగుల్లోకి పోయి దాన్ని తీసేయండి. మా అవ్వ మొఖం మీది ముడతలను, పచ్చబొట్లను అది మచ్చలనుకొని తుడిచిపెట్టింది. వెనుకదంతా మసక చేసే పోర్ట్రెయిట్ మోడ్‌ను కూడా నేను ఎక్కువ వాడను. గుస్సాడి టోపీ మీది నెమలి ఈకలను సగం మింగేస్తది. వెనుక మసక కావాలంటే మనిషిని గోడకు ఆనిచ్చి కాకుండా, గోడకు దూరంగా ముందుకు తీసుకురండి.

మొఖానికి మరీ దగ్గరికి పోకండి, ముక్కు పెద్దగా, చెవులు చిన్నగా వస్తయి. నాలుగైదు అడుగుల దూరం నుంచి తీసి, కావాలంటే తర్వాత కత్తిరించుకోండి. వాళ్లు కూసుంటే మీరు కూడా కూసోండి. పైనుంచి తీస్తే దయ చూపిస్తున్నట్టు ఉంటది.

నిలబడు, నవ్వు, ఇటు చూడు అనకండి. అట్లా అంటే అందరూ కార్డు ఫొటో మొఖం పెడుతరు. మొదటి నాలుగు ఫొటోలు ఎట్లాగూ పాడైపోయేటియే, తీసేయండి. చేతికి పని ఉండనియ్యండి, గింజలు చెరగడమో, తాడు పేనడమో. గోండిలోనో, కొలామీలోనో, మీ ఇంటి మాటలో ముచ్చట పెట్టండి. ఫోన్ ఉన్న సంగతి మరిచిపోయే క్షణం వస్తది. ఇది బయటినుంచి వచ్చిన ఏ పెద్ద కెమెరావాడికీ దొరకదు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తా.

మా పెద్దమ్మ ఒకరోజు పొయ్యి ముందు కూసుంది. సందులోంచి వెలుతురు పడుతుంది, పొగ లేస్తుంది. మస్తు మంచిగ వచ్చింది ఫొటో. ఆమెను అడగలే. అదే రాత్రి పేదరికం మీద నాలుగు మాటలు రాసి పెట్టిన. ఎన్నడూ రానన్ని లైకులు వచ్చినయి. వారం తరువాత ఎవరో ఆమెకు చూపించిన్రు. మా ఇంటికి వచ్చి కూసుంది. తిట్టలే. ఒక్కటే అడిగింది: “నాకు మంచి చీర లేదనుకున్నవా బిడ్డా?”

నేను ఆ ఫొటో తీసేసిన. కానీ దాన్ని అప్పటికే ఎందరో దాచుకున్నరు, పంపుకున్నరు. అది ఇప్పుడు నా చేతిలో లేదు. ఆ థర్స్టన్ దొర చేసినదానికీ నేను చేసినదానికీ తేడా ఎంత? ఆయన తెగ పేరు రాసిండు, నేను పేదరికం అని రాసిన. ఇద్దరం ఆమె పేరు రాయలే.

నెల తరువాత ఆమె దగ్గరికి పోయి, నీకు ఎట్ల దిగాలని ఉంటే అట్ల దిగు పెద్దమ్మా అన్న. రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు పొద్దుగాల బిడ్డ పెండ్లికి కట్టిన చీర కట్టుకొని, పత్తి చేనుకు తోలుకపోయింది. పత్తి చేన్ల పెండ్లి చీరనా అనుకున్న, కానీ నోరు మూసుకున్న. జోడెడ్ల నడుమ నిలబడి, ఒక్కదాని కొమ్ము పట్టుకుంది. పటం సరిగ్గా కుదరలే, ఒక ఎద్దు చెవి తెగిపోయింది. ఆమెకు ఆ ఫొటోనే కావాలి.

కాబట్టి తీసే ముందు ఒకసారి అడగండి, పెట్టే ముందు మళ్లా ఒకసారి అడగండి. రెండూ వేరు. దిగుతా అన్న మనిషి పెట్టొద్దు అనొచ్చు. పోడు చేన్ల నిలబడ్డ మనిషి ఫొటో, మీటింగుల కూసున్న మనిషి ఫొటో రేపు ఎవరి చేతికి పోతదో, ఏ కేసుకు ఆధారమైతదో మనకు తెలియదు. ఫొటోలో ఊరు తెలిపే లొకేషన్ ఆపేయండి. చిన్నపిల్లలవి తల్లిదండ్రులు ఒప్పుకోకుండా పెట్టకండి. దేవుని కార్యాలప్పుడు పటేల్‌నూ పెద్దలనూ అడగండి, వద్దంటే ఫోన్ జేబులో పెట్టుకోండి. వాదించకండి.

ఇంకొకటి. ఫోన్‌లో ఉన్న ఫొటో ఫొటో కాదు. ఫోన్ నీళ్లలో పడితే ఊరంతా పోతది. పట్నం పోయినప్పుడు బాగొచ్చినవి నాలుగు కాగితం మీద వేయించి, దిగినోళ్ల చేతికియ్యండి. వెనుక పెన్సిల్‌తో పేరు, ఊరు, సంవత్సరం రాయండి. మా పెద్దమ్మది ఇచ్చిన రోజు ఆమె దాన్ని కొంగుతో తుడిచి, బట్టల పెట్టెలో అడుగున పెట్టింది. “నేను పోయినంక ఇదే పెట్టుండ్రి, ఆ కార్డుది వద్దు” అన్నది.

రేపు పొద్దున ఆరున్నరకు మనం పక్క గూడెం పోతున్నం. పెద్దలతో మాట్లాడినం, ఒప్పుకున్నరు. రాత్రే ఫోన్లు చార్జింగ్ పెట్టుకోండి. లెన్స్ మీద నూనె చేతుల మరక ఉంటది, మెత్తటి గుడ్డ తెచ్చుకోండి.