వర్ధమాన దేశాల బాండ్లు – మన పింఛను డబ్బు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

భోజనాలకు ముందు నన్ను నిలబెట్టారు గనుక, పులుసు వాసన ఇక్కడిదాకా వచ్చేలోపు ముగిస్తానని మనవి చేసుకుంటున్నాను.

ఈ విషయం మీద నన్నే ఎందుకు మాట్లాడమన్నారంటే, ఈ మధ్య మన సభ్యులు నలుగురైదుగురు ఒకే రకమైన రంగుల కాగితం పట్టుకొని సంఘ కార్యాలయానికి వచ్చారట. వర్ధమాన దేశాల ప్రభుత్వాలు అమ్మే బాండ్లలో డబ్బు పెట్టే ఫండు అది. బ్యాంకు కంటే రెండు మూడు శాతం ఎక్కువ వస్తుందంటారు. "కంపెనీలు కాదు సార్, సాక్షాత్తు ప్రభుత్వాలే పూచీ" అన్నాడట ఏజెంటు కుర్రాడు. ఒకరికైతే అమెరికాలో ఉన్న అబ్బాయే ఫోనులో చెప్పాడట. పెట్టవచ్చా, పెట్టకూడదా అని కార్యదర్శి గారిని అడిగారు. ఆయన నా మీదకు తోశారు.

నేను ఆర్థికవేత్తను కాను. ఖజానా శాఖలో 33 ఏళ్ళు పింఛను బిల్లులు, స్టాంపులు, చలానాలు చూసినవాణ్ణి. ఇతరుల డబ్బు లెక్కపెట్టడం తప్ప మరో విద్య నేర్వలేదు. అయితే అధిక వడ్డీ విషయంలో ఒక దెబ్బ తిన్నాను. నేను తిన్నానడం కూడా సరి కాదు, నా మాట విని మా అక్క తిన్నది. అది చెప్పకుండా ఈ వేదిక మీద మీకు సలహా ఇచ్చే అర్హత నాకు లేదు.

మా బావగారు మండల పరిషత్ బడిలో మాస్టరు. 1993లో, సర్వీసులో ఉండగానే పోయారు. గ్రాట్యుటీ, జి.పి.ఎఫ్. కలిపి అక్క చేతికి లక్షా పాతిక వేలు వచ్చాయి. 1994 అంటే మన తీరంలో ఎవరి నోట విన్నా రొయ్య మాటే. ఇందుకూరుపేట మొదలు వాకాడు దాకా వరి మళ్ళు గుంటలైపోతున్న రోజులు. సైకిలు మీద తిరిగినవాడు రెండు పంటలకు కారు కొన్నాడు. అప్పుడు ఒక రొయ్యల కంపెనీ డిపాజిట్లు తీసుకుంటూ నూటికి 21 వడ్డీ ఇస్తామంది. దాని పేరు ఇప్పుడు అనవసరం. పోస్టాఫీసు కిసాన్ వికాస్ పత్రం ఆ రోజుల్లో అయిదున్నరేళ్ళకు రెట్టింపయ్యేది. నేడు అటువంటిది దొరికితే క్యూ కడతాం, ఆనాడు అది మా కంటికి ఆనలేదు.

అక్క నన్నడిగింది. "అబ్బాయా, నువ్వు ఖజానాలో ఉండావు, నాలుగు కాయితాలు చదివినోడివి. పెట్టమంటావా?" అంది. నేను పెట్టమన్నాను. 80 వేలు పెట్టింది.

మొదటి వడ్డీ నెల తిరిగేసరికి వచ్చింది. నేను మీసం దువ్వుకున్నాను. రొయ్యపిల్ల వదిలిన దగ్గర నుంచి పట్టుబడికి నాలుగు నెలలు పడుతుందని మన ఊళ్ళలో బడిపిల్లలకు కూడా తెలుసు. ఆ కంపెనీ గుంటల్లో అప్పటికి ఒక్క పట్టుబడీ కాలేదు. మరి ఆ వడ్డీ ఎక్కడి నుంచి వచ్చింది? పింఛను బిల్లులో రూపాయి తేడా ఉంటే తిప్పి పంపిన వాణ్ణి, ఈ ఒక్క ప్రశ్న అడగలేదు.

1994 చివర, 95లో తెగులు వచ్చింది. తెల్లమచ్చ వస్తే ఏమవుతుందో ఇక్కడ చాలామందికి నేను చెప్పనక్కరలేదు. కంపెనీ ఆఫీసుకు తాళం పడింది. ఆపైన 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. తీర నియంత్రణ మండలంలో సంప్రదాయ పద్ధతిలో కాని రొయ్యల గుంటలను 1997 మార్చి 31 లోగా తొలగించాలన్నది ఆ తీర్పు. అక్కకు అసలు తిరిగి రాలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. పండక్కి పోతే ఎప్పటిలాగే గారెలు వేసి పెట్టేది. అవి గొంతు దిగేవి కావు.

ఇప్పుడు దేశాల సంగతికి వస్తాను. అప్పు తీసుకునేది రొయ్యల కంపెనీ అయినా, ఒక దేశం అయినా, అడగవలసినది ఒకటే. వీడు దేనితో తీరుస్తాడు? ప్రభుత్వం తన సొంత కరెన్సీలో అప్పు చేస్తే పన్ను వేసి తీర్చవచ్చు, మరీ ఇబ్బంది అయితే నోట్లు అచ్చువేసి తీర్చవచ్చు. అప్పుడు ధరలు పెరుగుతాయి, అది వేరే బాధ. డాలర్లలో అప్పు చేస్తే మాత్రం డాలర్లు సంపాదించి తీరాలి. డాలరును కొలంబోలోనో, అక్రాలోనో అచ్చువేయలేరు గదా.

మన దేశమే ఆ అంచుదాకా వెళ్ళింది. 1991లో చెల్లింపులకు డాలర్లు చాలక దాదాపు 47 టన్నుల బంగారం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండుకు, జపాను బ్యాంకుకు తాకట్టు పెట్టి గండం గడిపింది. ఆనాడు ఖజానాలో మేమందరం తలదించుకున్నాం గానీ, ఒకటి గమనించండి. తాకట్టు పెట్టింది, మాట మాత్రం తప్పలేదు.

అవకాశం ఉండదని నేను అనడం లేదు. 1998 మేలో పోఖ్రాన్ అణుపరీక్షల తర్వాత ఆంక్షలు వచ్చాయి. ఆ ఆగస్టులో స్టేట్ బ్యాంకు ప్రవాసుల కోసం రిసర్జెంట్ ఇండియా బాండ్లు అమ్మింది. అయిదేళ్ళ గడువు, డాలరు మీద 7.75 శాతం వడ్డీ. 400 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి. అమెరికాలో ఉన్న మా పినతండ్రి కొడుకు కొన్నాడు. "అన్నా, ఇక్కడి బ్యాంకు కంటే బాగుంది, పైగా మన దేశం" అన్నాడు. 2003లో అసలు, వడ్డీ డాలర్లలోనే ముట్టాయి. రూపాయి విలువ తగ్గితే వచ్చే నష్టాన్ని అతను మోయలేదు, అందులో చాలా భాగం మన ప్రభుత్వం నెత్తిన పడింది. ఆ విధంగా చూస్తే వర్ధమాన దేశపు బాండు కొని లాభపడినవాడు మా ఇంట్లోనే ఉన్నాడు.

ఇక రెండో వైపు. మన ఒడ్డుకు దక్షిణాన, ఇదే సముద్రంలో ఉన్న శ్రీలంకను చూడండి. 2022 జనవరిలో గడువు తీరిన 50 కోట్ల డాలర్ల బాండును ఆ దేశం పూర్తిగా చెల్లించింది. ఏప్రిల్ 12న విదేశీ అప్పుల చెల్లింపు ఆపేస్తున్నామని ప్రకటించింది. జూలై 25న తీరవలసిన బాండుకు డబ్బు రాలేదు. అదే దేశం, అదే ముద్ర. జనవరి కాగితం కొన్నవాడు పూర్తిగా తీసుకున్నాడు, జూలై కాగితం కొన్నవాడు ఎదురుచూస్తూ మిగిలాడు. 2024 డిసెంబరులో పాత బాండ్లకు బదులు కొత్తవి ఇచ్చారు, అసలులో కోతతో. మధ్యలో నూటి విలువ గల కాగితాన్ని ముప్పై దరిదాపుల్లో కొని, రెండేళ్ళు ఓపిక పట్టి, మంచి లాభం చేసుకున్నవారూ ఉన్నారు. అది కూడా అవకాశమే. అయితే ఆ ఆట పెద్ద ఫండ్లది. పోయినా తట్టుకోగలిగినవారిది, ఆగగలిగినవారిది. మన వయసులో ఆగడం మన చేతిలో లేదు.

శ్రీలంకలో నన్ను ఎక్కువ కలవరపెట్టినది విదేశీయుల నష్టం కాదు. 2023లో స్వదేశీ అప్పును కూడా సరిచేస్తూ, ఉద్యోగుల భవిష్యనిధి చేతిలో ఉన్న ప్రభుత్వ బాండ్లను కొత్తవాటితో మార్చారు. వాటి మీద 2026 దాకా 12 శాతం, ఆపైన 9 శాతం. బ్యాంకుల చేతిలోని బాండ్లను వదిలిపెట్టి కష్టజీవుల పి.ఎఫ్. మీద చేయి వేశారన్నమాట.

ఆఫ్రికాలోని ఘనాలోనూ ఇటువంటిదే జరిగింది. 2022 డిసెంబరులో స్వదేశీ బాండ్లను తక్కువ వడ్డీ బాండ్లతో మార్చుకోమని అక్కడి ప్రభుత్వం అడిగింది. రిటైరైన డబ్బు ఆ బాండ్లలో పెట్టుకున్న పెద్దవాళ్ళు 2023 ఫిబ్రవరిలో అక్రాలో ఆర్థిక మంత్రిత్వ శాఖ ముందు అట్టలు పట్టుకొని కూర్చున్నారు. వారితో మాజీ ప్రధాన న్యాయమూర్తి సోఫియా అకుఫో కూడా వచ్చి నిలబడ్డారు. చివరకు పింఛనుదారుల బాండ్లను ఆ మార్పిడి నుంచి మినహాయించారు. మన సంఘాలకు ధర్నా కొత్త కాదు గనుక ఆ వార్త చదివి నాకు ముచ్చటేసింది. కానీ డెబ్భై ఏళ్ళ వయసులో సొంత డబ్బు కోసం రోడ్డెక్కవలసి రావడం ముచ్చట కాదు.

ఇప్పుడు ఆ ఏజెంటు కాగితం దగ్గరకు మళ్ళీ వద్దాం. వర్ధమాన దేశాలంటే ఏమిటో దాని వెనుక చిన్న అక్షరాలలో ఉన్నాయి. బ్రెజిల్, ఇండోనేషియా, మెక్సికో అని చదువుకుంటూ పోతే ఇండియా కూడా ఉంది! 2024 జూన్ 28 నుంచి జె.పి. మోర్గాన్ వారి వర్ధమాన దేశాల బాండ్ల సూచీలో మన ప్రభుత్వ బాండ్లను నెలకు ఒక శాతం చొప్పున, 10 శాతం వాటా దాకా చేర్చారు. దాంతో ఆ సూచీని అనుసరించే విదేశీ ఫండ్లు మన బాండ్లు కొంటున్నాయి. అంటే నెల్లూరులో మీరిచ్చిన డబ్బు సముద్రాలు దాటి వెళ్ళి, కమీషను చెల్లించుకొని, అందులో కొంత ఢిల్లీ ప్రభుత్వానికే అప్పుగా తిరిగి వస్తుంది.

పరదేశి మన బాండు కొంటే అతనికి ఒక భయం ఉంది, అది మనకు లేదు. 2014 చివర డాలరు 63 రూపాయలు. 2024 చివర 85. ఏటా సుమారు 3 శాతం చొప్పున రూపాయి తగ్గింది. అతనికి వచ్చిన ఏడెనిమిది శాతం వడ్డీలో ఆ 3 శాతం అక్కడే కరిగిపోయింది. మనం రూపాయల్లోనే సంపాదించాం, రూపాయల్లోనే మందులు, బియ్యం కొంటాం. ఆ కోత మనకు లేదు. ధరల పెరుగుదల ఉంది, నిజమే. మొలగొలుకుల బియ్యం ధర నాకూ తెలుసు. దానికి కొంతవరకు కరువు భృతి ఉంది.

"డాలరు బాండు కొంటే రూపాయి తగ్గినప్పుడు మనకు లాభమే గదా" అని ఒక సభ్యుడు నన్నడిగారు. మంచి ప్రశ్న. అవును, లాభమే. పిల్లల దగ్గరకు పోయి అమెరికాలో స్థిరపడదలచిన వారికి, అక్కడ ఖర్చు ఉన్నవారికి, కొద్ది భాగం అలా ఉండడం తప్పు కాదు. నెలనెలా ఇల్లు గడపవలసిన డబ్బుతో మాత్రం ఆ పని వద్దు.

మన ప్రభుత్వ బాండ్లు మనమే సూటిగా కొనుక్కోవచ్చు. 2021 నవంబరు 12న రిజర్వు బ్యాంకు రిటైల్ డైరెక్ట్ పథకం ప్రారంభించింది. ఖాతా తెరవడానికి రుసుము లేదు, పది వేల రూపాయల నుంచి కొనవచ్చు. కేంద్రం బాండ్లూ, రాష్ట్రాల రుణపత్రాలూ అందులో దొరుకుతాయి. ఇందులో కూడా ఒక చిక్కు ఉంది, దాచను. గడువు దాకా ఉంచితే అసలు అసలుగానే వస్తుంది. మధ్యలో అమ్మవలసి వస్తే ఆనాటి ధర. 7 శాతం వడ్డీ గల బాండు నూటికి కొన్నాక బయట వడ్డీ 8 అయిందనుకోండి. పదేళ్ళ గడువున్న బాండు 93 చిల్లరకు దిగుతుంది, ముప్ఫై ఏళ్ళది 88 చిల్లరకు. కొనేవాడు దొరకడం మరో సమస్య. అందువల్ల మన వయసువారికి ముప్ఫై ఏళ్ళ బాండ్లు నేను చెప్పను. మనవడి పేరన కొంటే అది వాడి సంగతి.

ప్రభుత్వం అన్న మాట కనిపించగానే అన్నీ ఒకటే అనుకోకూడదు. 2018 ఆగస్టులో మన రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ అమరావతి బాండ్లు అమ్మింది. 2000 కోట్లు, వడ్డీ 10.32 శాతం, రాష్ట్ర ప్రభుత్వ పూచీ. అదే సమయంలో కేంద్రం పదేళ్ళ బాండు మీద వచ్చేది 7.8 దగ్గర. ఆ రెండున్నర శాతం ఎందుకు ఎక్కువ ఇస్తున్నారో 2019 తర్వాత రాజధాని పనులు ఆగినప్పుడు అందరికీ అర్థమైంది. నేను రాజకీయం మాట్లాడటం లేదు, వడ్డీ లెక్క మాట్లాడుతున్నాను.

నా సంగతి అడిగితే చెబుతాను. సీనియర్ సిటిజన్ల పొదుపు పథకం పరిమితిని 2023 ఏప్రిల్‌లో 15 లక్షల నుంచి 30 లక్షలకు పెంచారు, వడ్డీ 8.2 శాతం చేశారు. ముందు అందులో పెట్టాను. ఆరు నెలల ఖర్చుకు సరిపడా బ్యాంకులో ఉంది. మిగిలినది అయిదు, ఏడేళ్ళలో తీరే కేంద్ర ప్రభుత్వ బాండ్లలో ఉంది. ఆ రంగుల ఫండులో ఒక్క రూపాయి లేదు. పెట్టదలిస్తే, పోయినా మీ ఇంట్లో అన్నం తగ్గనంత మొత్తమే పెట్టండి. అది ఎంతో మీకు తెలియాలి, ఏజెంటుకు కాదు.

మా అక్క రెండేళ్ళ క్రితం పోయింది. పెట్టె సర్దుతుంటే ఆ కంపెనీ రసీదు దొరికింది, ప్లాస్టిక్ కవరులో భద్రంగా. దాని వెనుక నా చేతిరాతతో, ఎన్నేళ్ళకు ఎంత అవుతుందో వేసిన కూడిక ఉంది. మేనకోడలు దాన్ని నాకిచ్చింది. ఇదిగో, జేబులోనే ఉంది. చూడదలచినవారు భోజనాల దగ్గర చూడవచ్చు.

రిటైల్ డైరెక్ట్ ఖాతా తెరవదలచినవారు రెండో శనివారం ఉదయం పాన్ కార్డు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు తీసుకొని సంఘ కార్యాలయానికి రండి. ఫోను కూడా తెచ్చుకోండి. కంప్యూటరు తెలిసిన పిల్లలిద్దరిని పిలిచాను, నేనూ ఉంటాను. ఓటీపీ వస్తే మాత్రం ఎవరికీ చెప్పకండి, నాక్కూడా.