సేవను లెక్కించుట ఎట్లు?

(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



చెరువులో ఎంత పూడిక తీయబడినదో మీ రికార్డులు చెప్పగలవు. కూలి పుచ్చుకొనక ఆ పూడిక తీసిన వారెందరో వానిలో సామాన్యముగా కానరాదు. ఆ సంగతి తెలియుటకు ఇంటింటికి పోయి అడుగవలసియున్నది. అట్టి సర్వేను గురించి నేడు మేము మీకు మనవి చేయదలచినాము.

మొదట సేవ యనగా ఏమో తేల్చుకొనవలెను. 2013లో అంతర్జాతీయ కార్మిక గణాంక నిపుణుల సమ్మేళనము దీనికి మూడు లక్షణములు చెప్పినది: ప్రతిఫలము కొరకు చేయరాదు, నిర్బంధము ఉండరాదు, తన కుటుంబమునకు గాక ఇతరుల కొరకు చేయవలెను. పొరుగింటి వృద్ధురాలిని ఆసుపత్రికి తీసికొనిపోవుట ఇందు చేరును. తన ఇంటనున్న తల్లిని తీసికొనిపోవుట వేరొక పద్దు. ఇంటికొక మనిషి రాకున్న జరిమానాయని చాటింపు వేయించి చేయించిన పని అసలే చేరదు. దానికి శ్రమదానమని పేరు పెట్టినను అది వెట్టియే.

ఇక ప్రశ్న. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనముపై గ్రామ వాలంటీర్లను నియమించిరి. “మీ ఇంట వాలంటీరు కలరా?” అని అడిగినచో ఇల్లాలు వారినే తలచి లేరనును. తాను బడిపిల్లలకు వంటలో ఊరకనే సాయపడిన సంగతి ఆమెకు తోచదు. అందుచేతనే అంతర్జాతీయ కార్మిక సంస్థవారి 2011 నాటి మార్గదర్శిని ఆ మాట వాడక, గడచిన నాలుగు వారములలో జీతము లేక ఇతరులకై ఏమేమి చేసితిరని అడుగుమన్నది.

కాలపరిమితియు ముఖ్యమే. 2019లో మన జాతీయ గణాంక కార్యాలయము 1,38,799 కుటుంబములలో కాల వినియోగ సర్వే జరిపి, ఆరేండ్లు మొదలుకొని అందరి ఒకనాటి పనులను అరగంటల వంతున వ్రాసికొన్నది. వేతనములేని స్వచ్ఛంద సేవ, శిక్షణ మొదలగు పనులు చేసినవారు నూటికి 2.4 మంది. నెలకొకమారు సేవ చేయువాడు ఆనాడు చేయకున్నచో ఈ లెక్కకు రాడు. కావున ఒకనాటి అంకెను నాలుగు వారముల అంకెతో పోల్చరాదు.

మీరును మీ గ్రామమున ఈ లెక్క తీయవచ్చును. అన్ని వాడల ఇండ్లను చేర్చి చీట్లు తీసి ఎంచుకొనుడు. ఇంటి యజమాని నొక్కనినే గాక, పెద్దలందరిని విడివిడిగా అడుగుడు. 150 మందిలో 18 మంది సేవ చేసియున్నచో నూటికి 12 అగును. స్త్రీలు, పురుషులు, వాడలవారీగా విడదీసినచో భారము ఎవరిపై ఎక్కువగా పడుచున్నదో తెలియును. కొత్త పని తలపెట్టుటకు ముందు అది చూడుడు.

చివరగా ఒక విన్నపము. సర్వే సిబ్బంది వచ్చినప్పుడు ఇల్లు చూపి మీరు వెడలిపొండు. సర్పంచి ఎదుట నిలిచియుండగా, నన్ను బలవంతముగా పనికి పిలిచిరని ఏ కూలివాడు చెప్పగలడు?