ఎన్నికల ఖర్చు ఎవరి కొంగున?



ఇవాళ నేను వంటల గురించిగానీ, పిల్లల పెంపకం గురించిగానీ మాట్లాడబోవడం లేదు. ఎన్నికల ఖర్చు గురించి నాలుగు మాటలు చెబుదామనుకుంటున్నాను. “అది మగవాళ్ళ గోల, మనకెందుకమ్మా” అని రేడియో కట్టేయకండి. ఇంటి జమాఖర్చులు చూసుకునేది మనమే. ఊరికే ఎవరూ ఏదీ ఇవ్వరనీ, ఇచ్చినవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు వసూలు చేసుకుంటారనీ మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

మా వీధిలో ఒక టీచరుగారున్నారు. ముప్ఫయ్యేళ్ళు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. కుళాయి రాకపోయినా, మురిక్కాలవ పొంగినా మేమంతా ముందు ఆవిడ గుమ్మం దగ్గరికే వెళతాం. అర్జీ రాసేది ఆవిడే, పదిమందిని వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్ళేదీ ఆవిడే. కిందటిసారి మా వార్డు ఆడవాళ్ళకు రిజర్వయింది. ఒక పార్టీవాళ్ళు నలుగురు వచ్చారు. అరుగుమీద కూర్చుని కాఫీలు తాగారు. టీచరుగారి మంచితనాన్ని తెగ పొగిడారు. చివరికి వాళ్ళలో పెద్దాయన గ్లాసు కిందపెట్టి, “అమ్మా, మీరెంత పెట్టుకోగలరు?” అన్నాడు.

ఆవిడకు అర్థం కాలేదు. “రోజుకు రెండు పూటలూ తిరగగలను నాయనా, కాకపోతే మోకాళ్ళ నొప్పులు” అన్నారు పాపం. ఆయన నవ్వి ఒక అంకె చెప్పాడు. ఆవిడ పెన్షను పదేళ్ళు కూడబెట్టినా ఆ అంకె చేరదు. టికెట్టు ఒక కాంట్రాక్టరుగారి భార్యకు వచ్చింది. ఆమె మంచిది కాదనను. ప్రచారంలో ఒక్కసారి చూశాను, జీపులో నిలబడి నమస్కారాలు పెడుతోంది. మాట్లాడింది మాత్రం ఆయనే.

పోలింగుకు రెండు రోజుల ముందు రాత్రి మా ఇంటికి కవరొచ్చింది. మా అత్తగారు తలుపు తీసి పుచ్చుకున్నారు. “ఇంటికొచ్చిన లక్ష్మిని కాదనకూడదే” అన్నారు. మర్నాడు పొద్దున్న మా పనమ్మాయి అంట్లు తోముతూ, “అమ్మగారూ, మీకెంతొచ్చింది? మా గల్లీలో తక్కువిచ్చారు” అంటే నేను తలెత్తలేకపోయాను. ఓటుకు డబ్బివ్వడమే కాదు, పుచ్చుకోవడమూ నేరమే. ఆ సంగతి నాకు తెలుసు. ఆ కవరు ఇప్పటికీ మా కందిపప్పు డబ్బాలో అడుగున ఉంది. తిరిగిద్దామంటే ఎవరికివ్వాలో తెలియదు, ఖర్చు పెడదామంటే చెయ్యి రాలేదు.

మరి చట్టం లేదా అంటే, ఉంది. 2022లో పెంచిన లెక్క ప్రకారం మన తెలుగు రాష్ట్రాల్లో లోక్‌సభకు నిలబడేవారు 95 లక్షలు, అసెంబ్లీకి నిలబడేవారు 40 లక్షలు దాటి ఖర్చుపెట్టకూడదు. అయితే ఆ హద్దు అభ్యర్థికే గాని పార్టీకి లేదు. కోడలికి చీటీ రాసిచ్చి, అత్తగారికి బీరువా తాళాలిచ్చినట్టుంది. 1974లో సుప్రీంకోర్టు ఒక కేసులో, అభ్యర్థి కోసం పార్టీ పెట్టిన ఖర్చు కూడా అభ్యర్థి లెక్కలోకే వస్తుందని చెప్పింది. ఆ ఏడాదే ప్రభుత్వం చట్టం మార్చి ఆ దారి మూసేసింది. అంతకుముందు 1969లో కంపెనీలు పార్టీలకు చందాలివ్వకూడదని నిషేధించారు. కంపెనీలు ఇవ్వడం మానాయా? చెక్కు పోయి సంచి వచ్చింది. 1985లో నిషేధం ఎత్తేశారు.

ఎన్నికల బాండ్ల సంగతి మీరు పేపర్లో చూసే ఉంటారు. 2018 నుంచి స్టేట్ బ్యాంకులో బాండు కొని పార్టీకివ్వచ్చు, ఎవరిచ్చారో మనకు తెలియదు. వెయ్యి రూపాయల బాండు కూడా పెట్టారు గాని, వచ్చిన సొమ్ములో చాలాభాగం కోటి రూపాయల బాండ్లలోనే వచ్చింది. 2024 ఫిబ్రవరి 15న అయిదుగురు జడ్జీలు ఏకగ్రీవంగా ఆ పద్ధతి చెల్లదన్నారు. మార్చిలో జాబితా బయటపడింది. కొన్నవాళ్ళలో రెండో స్థానం హైదరాబాదు కంపెనీదే. ఆ పేర్లు చదువుతుంటే, పెళ్ళయిపోయాక చదివింపుల పుస్తకం చూస్తున్నట్టనిపించింది నాకు.

మరి ఈ ఖర్చంతా సర్కారే పెట్టుకుంటే? ఇది కొత్త మాటేం కాదు. ఇంద్రజిత్ గుప్తాగారి అధ్యక్షతన ఒక కమిటీ వేస్తే, 1998లో వాళ్ళు సరేనన్నారు. కాని డబ్బు చేతికివ్వద్దన్నారు. పెట్రోలు, కరపత్రాలకు కాగితం, మైకులు, టెలిఫోను, ఇలా వస్తురూపంలో ఇమ్మన్నారు. కేంద్రం ఏటా 600 కోట్లు, రాష్ట్రాలన్నీ కలిసి అంతే వేసి ఒక నిధి పెట్టాలన్నారు. నాకిది నచ్చింది. తాగుబోతు మొగుడికి డబ్బివ్వకుండా ఇంట్లోకి బియ్యం పప్పూ కొనిచ్చినట్టు! నచ్చనిది ఒకటుంది. గుర్తింపు పొందిన పార్టీలకే ఇమ్మన్నారు, స్వతంత్రులకు వద్దన్నారు. అంటే మా టీచరుగారు సొంతంగా నిలబడితే కాగితం ముక్క రాదు. ఆ సిఫార్సులు చాలావరకు అలాగే ఉండిపోయాయి. ఎన్నికల సంఘంవారు కూడా సుముఖంగా లేరు. సర్కారిచ్చిన దానికి పైన అభ్యర్థి సొంత డబ్బు పోస్తే ఎవరాపుతారని వారి ప్రశ్న.

సర్కారు సాయం అసలే లేదనుకోకండి. మీరు వింటున్న ఈ రేడియోనే చూడండి. ఎన్నికలప్పుడు గుర్తింపు పొందిన పార్టీలకు ఆకాశవాణిలో, దూరదర్శన్‌లో ఉచితంగా సమయమిస్తారు. 2003లో దానికి చట్టబలం కూడా వచ్చింది. ఆ ప్రసంగాలు ఎవరు వింటారంటారా? నేను వింటాను, కూర తరుగుతూ.

జర్మనీలో పార్టీలకు వచ్చిన ఓట్లను బట్టి సర్కారు డబ్బిస్తుంది. చిన్న చందాలకు తనూ కొంత కలుపుతుంది. కాని పార్టీ సొంతంగా పోగుచేసుకున్న దానికంటే సర్కారు వాటా ఎక్కువ కాకూడదు. నలుగురి దగ్గరికీ వెళ్ళనివాడికి సర్కారూ పెట్టదన్నమాట.

అన్నిటికంటే నన్ను ఆకట్టుకున్నది అమెరికాలోని సియాటిల్ నగరం పద్ధతి. మా పెద్దక్కయ్య కొడుకు అక్కడుంటాడు. 2023లో ఫోనులో మాట్లాడుతూ, “పిన్నీ, మాకు ఎన్నికల కూపన్లొచ్చాయి” అన్నాడు. రేషను కూపన్లనుకున్నాను! 2015లో అక్కడి ఓటర్లే ఓటేసి ఈ పద్ధతి తెచ్చుకున్నారట. 2017 నుంచి, నగరపు ఎన్నికలొచ్చినప్పుడు ఒక్కొక్కరికీ 25 డాలర్ల కూపన్లు నాలుగు ఇస్తారు. నచ్చిన అభ్యర్థికి అవి ఇచ్చుకోవచ్చు. అభ్యర్థి వాటిని నగరానికి చూపించి ప్రచారానికి డబ్బు తెచ్చుకుంటాడు. ఖర్చుకు హద్దు ఒప్పుకోవాలి, చర్చా సభలకు రావాలి. సొమ్ము ఇంటిపన్నులోంచి, 2025 దాకా ఏడాదికి 30 లక్షల డాలర్లు. మావాడికి గ్రీన్‌కార్డే గాని ఓటు లేదు. అయినా అడిగితే వాడికీ కూపన్లిచ్చారు. ఒకావిడ వాళ్ళ గుమ్మంలోకి వచ్చి అరగంట మాట్లాడి, రెండు అడిగి పట్టుకెళ్ళిందట. మన గుమ్మంలో కవరు ఇచ్చిపోతారు, అక్కడ కూపను అడిగి తీసుకుపోతారు. చాలామంది వాడుకోకుండా వదిలేస్తారన్నది కూడా నిజమే. మిగతా రెండూ మా కోడలు ఏ సొరుగులో పెట్టిందో దొరకలేదట.

2023లో లోక్‌సభలో, అసెంబ్లీల్లో మూడోవంతు సీట్లు ఆడవాళ్ళకని రాజ్యాంగాన్ని సవరించారు. సంతోషం. ఆ సీట్లు మన చేతికొచ్చిన రోజున మళ్ళీ అరుగుమీద కాఫీ గ్లాసు కిందపెట్టి, “అమ్మా, ఎంత పెట్టుకోగలరు?” అని అడిగితే ఏం చెబుతాం? నాకు అదే బెంగ.

ఈ ప్రసంగం రాసుకుని మొన్న సాయంత్రం టీచరుగారికి చదివి వినిపించాను. కూపన్ల సంగతి శ్రద్ధగా విన్నారు. “బాగుందే అమ్మాయ్. కాని మన దగ్గర కూపన్లు పంచితే, కవరు వచ్చినవాళ్ళే వచ్చి వాటినీ కొనుక్కుపోరూ?” అన్నారు.

“అక్కడ కూపన్లు అమ్ముకోవడం నేరమండీ” అన్నాను.

“ఇక్కడ ఓటమ్ముకోవడమూ నేరమేగా. నీ పప్పు డబ్బాలో ఏముందీ?” అన్నారావిడ.

నేనేం మాట్లాడలేదు. కాఫీ కలిపి తెస్తానని లేచాను.