ఓపిక కూడా దానమే



పేద పిల్లలకు సాయం అనగానే పలకలు, బట్టలు పంచడమే మనకు గుర్తొస్తుంది. రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఎం.వి. ఫౌండేషన్‌తో కలిసి నడిచిన యువతీ యువకులు ఇంకో దారి పట్టారు. శాంతా సిన్హా నాయకత్వంలో ఆ సంస్థ 1991 నుంచి వెట్టిలో మగ్గుతున్న పిల్లల్ని విడిపించి బడికి పంపసాగింది. ఆమెకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది.

ఈ పనికి డబ్బు కన్నా ఓపిక కావాలి. పగలు తల్లిదండ్రులు కూలికి పోతారు కనుక పొద్దుగూకాకే వాళ్ల గడప తొక్కాలి. "జీతం మానిపిస్తే ఇల్లెట్ల గడుస్తది సారూ?" అని తల్లి అడుగుతుంది. అది కొట్టిపారేసే మాట కాదు. విని, మర్నాడు మళ్లీ వెళ్లాలి. పశువులు కాసి మొద్దుబారిన వేళ్లకు మొదట్లో పెన్సిల్ నిలవదు. పదేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుపడి మానేస్తుంది. అందుకే బ్రిడ్జి కోర్సు శిబిరాల్లో కొన్నాళ్లు చదివించి, ఈడుకు తగిన తరగతిలో చేర్పించారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఈ పద్ధతినే దేశమంతటా హక్కుగా చేసింది. నా దృష్టిలో ఇది ఆ పల్లెల విజయం.

మీ వీధి హోటల్లోనో, మెకానిక్ షెడ్డులోనో బడి ఈడు పిల్లవాడు కనిపిస్తే ఒక్క నిమిషం ఆగండి. పేరు అడగండి. పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయండి. వారానికి ఒక సాయంత్రం అలాంటి పిల్లల చదువుకు ఇవ్వండి.