డిక్కీ మూత మీద అయిదో రంధ్రం

(2024 డిసెంబరు 17న పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా మన సంఘ భవనంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి నాకంటే బాగా తెలిసినవారు మాట్లాడారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం "మీరు అమెరికా వెళ్ళి వచ్చారు కదా, ఆ విశేషాలు చెప్పండి" అన్నారు. నయాగరా జలపాతం గురించి మీరు ఇప్పటికి పదిమంది దగ్గర విని ఉంటారు. అందుకని నేను అక్కడ మా అబ్బాయి ఇంటి గ్యారేజీలో చేసిన ఒక చిన్న పని గురించి చెబుతాను. వింటే నవ్వు రావచ్చు. ఒక పాత స్పోర్ట్స్ కారు డిక్కీ మీద స్పాయిలరు అనే తోకను బిగించాం.

నేను రవాణా శాఖలో 1973లో గుమాస్తాగా చేరి 2008లో రిటైరయ్యాను. ముప్పయి అయిదేళ్ళు బండ్ల కాగితాలు చూశాను గాని, ఒక్క బండికి ఒక్క నట్టు కూడా నా చేత్తో బిగించినవాణ్ణి కాను. బండికి ఏదైనా మార్పు చేస్తే అది మా బల్ల మీదికి "ఆల్టరేషన్" ఫైలుగా వచ్చేది. వచ్చిన ప్రతి ఫైలులోనూ ఏ లొసుగు ఉందా అని వెతకడమే నా పని. అలాంటివాణ్ణి డెబ్బయి మూడేళ్ళ వయసులో డ్రిల్లు మిషను పట్టుకున్నానంటే దానికి కారణం మా మనవడు.

2023 వేసవిలో ఒహాయో రాష్ట్రంలో మా అబ్బాయి దగ్గర ఉన్నాం. మనవడికి పద్ధెనిమిదేళ్ళు. రెండేళ్ళు పిజ్జా దుకాణంలో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో 1995 మోడలు మాజ్దా మియాటా కారు కొనుక్కున్నాడు. కారు వాడికంటే పదేళ్ళు పెద్దది. ఇద్దరే కూర్చోవచ్చు. పైకప్పు గుడ్డది, మడత పెట్టేయవచ్చు. దీపాలు వేస్తే ముందు భాగంలోంచి కప్ప కళ్ళలా పైకి లేస్తాయి. 1989లో చికాగో మోటారు ప్రదర్శనలో మొదట చూపిన ఈ కారు హిరోషిమాలో తయారై అమెరికాలో లక్షల్లో అమ్ముడుపోయింది. బరువు మాత్రం వెయ్యి కిలోలకు కాస్త అటూ ఇటూ అంతే.

దీనికి ఫైబర్‌గ్లాసు స్పాయిలరు తెప్పించుకున్నాడు మనవడు. మా అబ్బాయికి అది సుతరామూ ఇష్టం లేదు. "లక్షణంగా ఉన్న రేకుకు రంధ్రాలు పొడుస్తావా? నీకు పని రాదు, చెడగొడతావు" అన్నాడు. ఆ మాటతో తండ్రీకొడుకుల మధ్య నాలుగు రోజులు మాటలు లేవు. అయిదో రోజున మనవడు నా దగ్గరకు వచ్చి, "తాతయ్యా, ఒక చివర నేను పట్టుకుంటే రెండో చివర పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి" అన్నాడు. మనల్ని పనికి పిలిచేవారు కరువైన వయసు కదా, వెంటనే లేచాను.

ముందు దాని ప్రయోజనం ఏమిటో అడిగాను. పాత అలవాటు. ఫైలు కదలాలంటే కారణం ఉండాలి. వాడు చెప్పింది, తరువాత నేను చదివి తెలుసుకున్నది కలిపి చెబుతాను. కారు పరుగెత్తుతుంటే గాలి దాని వీపు మీదుగా వంపు తిరిగి పోతుంది. ఆ వంపు దగ్గర ఒత్తిడి తగ్గి కారు వెనక భాగం పైకి తేలబోతుంది, విమానం రెక్కకు జరిగినట్టే. అంచు మీద ఒక కట్ట కడితే గాలి అక్కడ తెగిపోయి ఆ తేలిక తగ్గుతుంది. గాలి ప్రవాహాన్ని పాడుచేస్తుంది కనుకనే దానికి స్పాయిలరు అని పేరు. 1972లో పోర్షే వారు కరేరా ఆర్.ఎస్. 2.7 అనే కారుకు ఇలాంటిదే అమర్చారు. చూడటానికి బాతు తోకలా ఉంటుందని ఆ పేరే స్థిరపడింది.

ఇది ఉత్త సోకు అనుకోవద్దు. 1998లో వచ్చిన ఆడి టి.టి. అనే కారు జర్మనీ రహదారుల మీద అతి వేగంలో అదుపు తప్పి ప్రాణాలు పోయాయి. తరువాత కంపెనీవారు అమ్మిన కార్లను వెనక్కు పిలిపించి, ఇతర మార్పులతో పాటు డిక్కీ మీద చిన్న స్పాయిలరు కూడా బిగించి ఇచ్చారు. అయితే గాలి బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలు, సగమైతే నాలుగో వంతు. కనుక కూరగాయల దుకాణానికి వెళ్ళే వేగంలో దాని ప్రభావం లెక్కలోకి రాదు.

"మరి నీకెందుకురా?" అన్నాను. "బాగుంటుంది తాతయ్యా" అన్నాడు. ఇంత నిజాయితీగా కారణం రాసిన దరఖాస్తు నా సర్వీసులో ఒక్కటీ రాలేదు. మంజూరు చేశాను.

ఇక పని. స్పాయిలరుకు రంగు ముందే వేయించాడు. పాత కారు ఎరుపు ఎండకు వెలిసి ఉంటుంది కాబట్టి కాగితం మీది రంగు నంబరును బట్టి కాకుండా కారునే తీసుకెళ్ళి రంగు కలిపించాడు. ఈ కారుకు బ్యాటరీ డిక్కీలోనే ఉంటుంది. ముందుగా దాని నెగెటివ్ తీగ ఊడదీశాం. ఇనుప రజను పడకుండా లోపల పాత దుప్పటి పరిచాం. మూత మీద మాస్కింగ్ టేపు అంటించాం. దీనివల్ల రంగు గీసుకుపోదు, పెన్సిలు గీత కనబడుతుంది, బిట్టు జారదు.

రంధ్రాలు ఎక్కడ పడాలో చూపే నమూనా కాగితాన్ని మనవడు ఇంట్లో ప్రింటు తీశాడు. ఎడమ పాదానికి ఒకటి, కుడి పాదానికి ఒకటి, ఒక్కొక్క దానిలో రెండు రంధ్రాలు. కాగితం మూల "ఈ గీత 100 మిల్లీమీటర్లు ఉండాలి" అని ఉంది. నకలును అసలుతో సరిచూడకుండా నేను సంతకం పెట్టను కదా, స్కేలు పెట్టి చూస్తే 96 వచ్చింది. ప్రింటరు కాగితానికి సరిపడేటట్టు బొమ్మను కుదించింది. ఆ కాగితంతోనే పోయి ఉంటే రంధ్రాలన్నీ తప్పేవి. మనవడు "తాతయ్యా, నువ్వు జీనియస్" అన్నాడు. ఆ మాటకు నేను కొంచెం పొంగిపోయానని ఒప్పుకుంటున్నాను. తప్పు అక్కడే కాచుకుని ఉంది.

మూత మధ్యలో నిలువుగా ఒక టేపు అంటించి, సరిగ్గా దాని నడుమ పెన్సిలుతో గీత గీశాం. ఆ గీత నుంచి చెప్పిన దూరంలో ఒక్కో నమూనా కాగితం అంటించాలి. ఎడమ కాగితం గీత నుంచి కొలిచి అంటించాను. రెండు రంధ్రాలూ చక్కగా వచ్చాయి. ముందు సెంటర్ పంచితో చిన్న గుంట పెట్టి, మూడు మిల్లీమీటర్ల బిట్టుతో మొదలుపెట్టి, తరువాత ఏడు మిల్లీమీటర్లకు పెంచాలి. బిట్టు ఎంత లోతు దిగాలో అంతవరకే వదిలి, పైన టేపు చుట్టి గుర్తు పెట్టుకోవాలి. లేకపోతే పై రేకు దాటి, లోపలి తీగల మీదికి పోతుంది.

కుడి వైపుకు వచ్చేసరికి మనవడు "ఇది కూడా నువ్వే చెయ్యి" అన్నాడు. కళ్ళజోడు తుడుచుకుని కొలిచాను. గీత నుంచి కొలవవలసింది, టేపు అంచు నుంచి కొలిచాను. టేపు వెడల్పు 24 మిల్లీమీటర్లు. అందులో సగం, అంటే 12 మిల్లీమీటర్లు కాగితం పక్కకు జరిగింది. డ్రిల్లు నేనే నొక్కాను. రంధ్రం పడింది. రెండోది పొడిచే ముందు ఎందుకో అనుమానం వచ్చి స్పాయిలరు పెట్టి చూశాం. బోల్టు ఒకచోట, రంధ్రం ఒకచోట.

మనవడు ఒక్క మాట అనలేదు. కాసేపు చూసి, "పాదం కిందికి వెళ్ళిపోతుంది తాతయ్యా, ఎవరికీ కనబడదు" అన్నాడు. సరిగ్గా అప్పుడే మా అబ్బాయి గ్యారేజీలోకి వచ్చాడు. మూత చూశాడు. మనవడి వైపు తిరిగి, "చెప్పానా? చెడగొడతావని చెప్పానా లేదా?" అన్నాడు. మనవడు తల దించుకున్నాడు గాని నా పేరు చెప్పలేదు.

మిత్రులారా, ఇక్కడ నేను నలభై రెండేళ్ళు వెనక్కు వెళ్ళాలి. 1981లో ఒక లారీ బరువును రిజిస్టరులో ఎక్కిస్తూ రెండంకెలు తారుమారు చేశాను. దాంతో పన్ను తక్కువ వసూలైంది. ఆడిట్ పార్టీ వచ్చి పట్టుకుంది. ఆ తేదీన ఆ సీటులో ఉన్నట్టు కాగితాల మీద ఉన్నది నేను కాదు, కొత్తగా చేరిన ఒక కుర్రవాడు. అతను సెలవు మీద ఉంటే నేను కూర్చున్నాను. మెమో అతనికి వచ్చింది. ఆ అక్షరాలు నావని అతనికి తెలుసు. నన్ను ఒకసారి చూశాడు. నేను తల ఎత్తలేదు. ఇంట్లో చెల్లెలి పెళ్ళి, నాకు ప్రమోషను దగ్గర పడింది, ఇలా కారణాలు చెప్పుకున్నాను. అతనికి ఒక ఇంక్రిమెంటు ఆగింది. తరువాత ఇరవై ఏళ్ళు ఒకే శాఖలో పనిచేశాం, కలిసి టీ తాగాం. ఆ విషయం అతను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇప్పుడు అతను లేడు. క్షమాపణ చెప్పుకోవడానికి చిరునామా లేకుండా పోయింది.

ఆ రోజు గ్యారేజీలో మనవడు తల దించుకున్న తీరు చూడగానే ఆ కుర్రవాడే కళ్ళ ముందు నిలబడ్డాడు. "వాడు కాదురా, ఆ రంధ్రం పొడిచింది నేను. కొలత తప్పింది నేను" అన్నాను. మా అబ్బాయి నా వంక చూశాడు, మూత వంక చూశాడు. కాసేపటికి చొక్కా చేతులు మడిచి, "ఇంకొక కొలత నేను చూస్తాను, పదండి" అన్నాడు. తండ్రీ కొడుకుల మధ్య నాలుగు రోజుల మౌనం ఆ విధంగా ముగిసింది.

తప్పుడు రంధ్రాన్ని అలా వదలలేదు. కనబడదు నిజమే, కాని నీరు కనబడని చోటికే పోతుంది. అంచులు ఆకురాయితో నునుపు చేసి, తుప్పు పట్టకుండా ప్రైమరు పూసి, ఎండాక ఎపాక్సీతో పూడ్చాం. మిగతా నాలుగు రంధ్రాల అంచులకూ ప్రైమరు పూసి, రబ్బరు వాషర్లు, సిలికాను పెట్టి బోల్టులు బిగించాం. ఫైబర్‌గ్లాసుకు బలం చూపకూడదు, ఎక్కువ బిగిస్తే పగులుతుంది. మధ్యలో ఉండే మూడో బ్రేకు దీపానికి అడ్డు రాలేదని వెనక నిలబడి చూసుకున్నాం. ఆ దేశంలో 1986 మోడలు నుంచి కార్లకు ఆ దీపం తప్పనిసరి. మర్నాడు గొట్టంతో నీళ్ళు పోసి డిక్కీలోకి చుక్క దిగలేదని చూశాకే పని పూర్తయిందన్నాం.

ఒక పని మాత్రం వాళ్ళు వద్దన్నా చేశాను. ఆఫీసులో అంకె తప్పితే చెరపకూడదు. కొట్టివేసి పక్కన పొట్టి సంతకం పెట్టాలి. డిక్కీ మూత లోపలి వైపు, పూడ్చిన రంధ్రానికి ఎదురుగా, తెల్ల రంగు పెన్నుతో నా పొట్టి సంతకం, తేదీ వేశాను. మనవడు దాన్ని తన స్నేహితులందరికీ చూపిస్తున్నాడట.

చివరగా ఒక హెచ్చరిక. ఇది విని ఇక్కడ మీ మనవలు మొదలుపెడితే నన్ను తప్పు పట్టవద్దు. మన దేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఉంది. కంపెనీ నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే సంవత్సరం చేసిన సవరణ ప్రకారం, అనుమతి లేని మార్పుకు యజమానికి ఆరు నెలల వరకు జైలు గాని, ఒక్కొక్క మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. కనుక ముందు ఆఫీసులో అడిగి తెలుసుకోండి. గుమాస్తా విసుక్కుంటే ఓపిక పట్టండి, మనమూ ఒకప్పుడు విసుక్కున్నవాళ్ళమే.

 ఆ మిత్రుడి కుటుంబంవారు ఎవరైనా ఈ సంచిక చదివితే, 1981 నాటి ఆ అక్షరాలు నావని తెలుసుకోవలసిందిగా మనవి.