బదనిక: ఒక్క పేరు, రెండు మొక్కలు



శీతకాలము చివర పాత మామిడితోటలో నడచువారికి అప్పుడప్పుడొక వింత కనిపించును. చెట్టు మామిడి, కొమ్మపై పూచినది మాత్రము మామిడి కాదు. నారింజవన్నె గల సన్నని గొట్టములవంటి పూలు గుత్తులు గుత్తులుగా నిండియుండును. పట్టణములందలి పూల ప్రదర్శనములు చూచివచ్చిన యువకులు దానిని చూడగానే ‘ఇది ఆర్కిడ్డు’ అని సంతోషింతురు. నేలను తాకక చెట్టుపైననే పుట్టి పూచునది ఆర్కిడ్డని వారు వినియుందురు. పెద్దల నడిగినచో ‘బదనిక’ యందురు. చిక్కంతయు ఆ సమాధానముతోడనే మొదలగును. ఏలయన, తెలుగువారు బదనిక యను పేరును రెండు మొక్కలకు వాడుదురు. అందొకటి నిజముగా ఆర్కిడ్డే. ఈ నారింజపూలది కాదు.

ఈ కలగాపులగము నేటిది కాదు. అమరసింహుడు వనౌషధివర్గమున చెప్పిన పర్యాయపదములలో ‘వృక్షాదని’ యనియు ‘వృక్షరుహ’ యనియు రెండు మాటలు కలవు. ఒకటి చెట్టును తినునది. వేరొకటి చెట్టుపై మొలచునది. చెట్టుపై మొలచినదెల్ల చెట్టును తినునా? నిఘంటువు ఆ ప్రశ్న వేయలేదు. పేర్లు కూర్చుట దాని పని, కొమ్మ నెక్కి చూచుట తోటవాని పని. ఆ పేర్లలోనిదే యగు ‘వందా’ యను మాట మిక్కిలి దూరము ప్రయాణము చేసినది. సామర్లకోటలో పెక్కేండ్లు పనిచేసిన విలియం రాక్స్‌బర్గు దొర, కోరమాండలు తీరపు మొక్కలను గూర్చిన తన గ్రంథమున 1795లో ఆర్కిడ్డు బదనికను చిత్రముతో సహా ప్రకటించెను. సర్ విలియం జోన్సు సంస్కృతనామమునే గైకొని దానిని ‘వాండా’ యనెను. నేడు దేశదేశముల పూలతోటలవారు ఒక గొప్ప ఆర్కిడ్డు జాతిని పిలుచునది ఆ పేరుతోనే.

రెంటిని వేరుపరచుటకు భూతద్దము అక్కరలేదు, నిచ్చెన కావలయును. పువ్వును చూచి మురియక, మొక్క కొమ్మను పట్టుకొన్న చోటును చూడవలయును. నారింజపూల బదనిక పుట్టినచోట కొమ్మ ఉబ్బి పెద్ద కణుపు కట్టియుండును. కొయ్యలో కొయ్య కలసి, ఏది మామిడియో ఏది బదనికయో తెలియరాదు. అది వేరువంటి తన అవయవమును బెరడు చీల్చి లోనికి దింపి, మామిడి వేళ్లు పైకి పంపు నీటిని, అందు కరగియున్న లవణములను నడుమనే త్రాగును. ఆకు పచ్చనిది గనుక ఎండలో తన ఆహారమును తానే వండుకొనును. పొయ్యి తనది, కుండలోని నీరు పొరుగువానిది. ఆ కణుపునకు ఆవలనున్న కొమ్మకు నీరందక కాపు తగ్గును, పిమ్మట కొన ఎండును. బదనికలు పెక్కు పట్టినచో చెట్టే క్షీణించును. మామిడికే కాదు, సపోటాకు, కానుగకు, వేపకు కూడ ఈ బెడద కలదు.

ఆర్కిడ్డు బదనిక తీరు వేరు. దాని వేళ్లు బలపమంత లావున తెల్లగా బెరడుపై ప్రాకును; కొన్ని గాలిలో వ్రేలాడును. ఒక వేరును మెల్లగా ఎత్తి చూచినచో క్రింది బెరడు చెక్కుచెదరక యుండును. వేరుపైనున్న మెత్తని పొర వాననీటిని దూదివలె పీల్చును. తడిసినంతనే తెల్లని వేరు పచ్చనగును. చూరునీటితో దప్పి తీర్చుకొని అరుగుపై పరుండు బాటసారియు, గాదెకు కన్నము వేసినవాడును ఇంటివానికి పరులే. ఇద్దరికిని ఒకే శిక్ష వేయుట మాత్రము న్యాయము కాదు.

ఆకులును వేరే. దొంగకు మందమైన వెడల్పాకులు, గట్టి కొయ్య కొమ్మలు. బాటసారికి నడుమ మడచిన పట్టీవంటి ఆకులు, ఇరుప్రక్కల వరుసగా, కొన కొరికినట్లుండును. ఇది వేసవిలో పూచును. పసుపు కలసిన ఆకుపచ్చపై గోధుమవన్నె గళ్లు గల రెక్కలైదు, ఆరవది రూపు మారి ఊదారంగు పెదవివలె నుండును, సువాసన కలదు. కేసరములును కీలమును కలసి ఒక్క స్తంభముగా నుండును గనుక విడివిడిగా లెక్కింప వీలులేదు. నారింజపూల గొట్టములో ఐదు కేసరములను పసిపిల్లవాడును లెక్కింపగలడు.

నారింజపూల బదనిక పండును చిన్న పిట్టలు తినును. గింజచుట్టు బంక యుండుటచేత అవి దానిని కొమ్మకు రాచి విడుచును. అది అచటనే మొలచును. ఆర్కిడ్డు గింజ ధూళివంటిది. గాలికి లేచి, తగిన శిలీంధ్రము తోడు దొరికిననే మొలచును. అట్లు మొలచి పూతకు వచ్చునవి బహుకొలది.

చెట్టెక్కువానితో ‘బదనికలన్నియు తీసివేయుము’ అని చెప్పి ఆసామి ఇంటికి పోయెననుకొనుడు. ఎక్కినవాడు చేతికి సులువుగా ఊడివచ్చుదానినే ముందు లాగును. ఆర్కిడ్డు నేలబడును, కొయ్యలో దిగినదాని ఆకులు మాత్రము దూసి దిగివచ్చును. మిగిలిన మొదలునుండి అది మరల చిగుర్చును. కావున చెట్టు క్రింద నిలిచి, నారింజపూలదానిని వ్రేలితో చూపవలయును. దాని పండ్లు పండకమునుపే, కణుపునకు మూరెడు దిగువగా, ఆరోగ్యముగల భాగమున కొమ్మను రంపముతో కోయించవలయును. పట్టీ ఆకుల మొక్కయున్న కొమ్మ జోలికి పోవలదని కూడ అప్పుడే చెప్పవలయును.